అడుగున నీలం చుక్క

దుకాణం మూసేసిన రోజున కప్పులాయన చేతిలో మిగిలిన సరుకు ఇంత: తాళం మారిపోయిన షట్టరుకు ఒక పాత తాళంచెవి, ఫోను చేస్తే ఇంకా ఎత్తే పాత కొనుగోలుదారులు పదకొండు మంది, వేలితో కొడితే మోగే తీరుని బట్టి కప్పులో పగులు చెప్పగల చెవి, ముప్పై ఏళ్లుగా ఎవరూ వేలెత్తి చూపని పేరు. తాళంచెవి దేనికీ పనికిరాదని ఆయనకీ తెలుసు. మిగిలిన మూడింటినీ పెట్టుబడిగా పెట్టి, ఇంట్లో కూర్చుని చేసే వ్యాపారం ఒకటి మొదలుపెట్టొచ్చని లెక్క వేశాడు.

పింగాణీ కప్పులు, ప్లేట్లు, గాజు గ్లాసులు అమ్మిన దుకాణం అది. అందుకే వీధంతా ఆయన్ని కప్పులాయన అనేది. మోకాళ్లు అరిగి దుకాణం అమ్మేశాడు గానీ బుర్ర అరగలేదు. కొత్తగా హోటళ్లు, క్యాంటీన్లు పెట్టేవాళ్లకి ఏ సరుకు కొనాలో, ఎలా పరీక్షించి దించుకోవాలో, నూటికి ఎన్ని పగులుతాయని ముందే అనుకోవాలో చెప్పడం ఆ కొత్త వ్యాపారం. గోదాము అక్కర్లేదు, లారీ అక్కర్లేదు. మాటే సరుకు. కొడుకు దాన్ని కన్సల్టెన్సీ అన్నాడు.

మొదటి బేరమే చేజారింది. హోటలు పెట్టబోయే ఒకాయన ఫోనులో అంతా విని, "మీ వెబ్‌సైటు పంపండి, చూసుకుని చెప్తా" అన్నాడు. పంపడానికి ఏమీ లేదు. అతను మళ్లీ ఫోను చేయలేదు. మర్నాడు పొద్దున టీ తాగుతూ కప్పులాయన కోడలిని పిలిచాడు. వెబ్‌సైట్లు తయారుచేయడమే ఆ అమ్మాయి ఉద్యోగం. ముందు గదిలో కిటికీ పక్కన ఆమె బల్ల, బల్ల మీద రెండు తెరలు.

"అమ్మాయ్, నాకో వెబ్‌సైటు కావాలి. రెండు రోజుల పనేగా?"

"రెండు రోజుల్లో గోడకి రంగు వెయ్యొచ్చు మామయ్యా. గోడ కట్టలేం." ఆమె నోటు పుస్తకం తెరిచింది. "ముందు మీరెవరో మూడు మాటల్లో చెప్పండి."

కప్పులాయన గొంతు సవరించుకున్నాడు. "నమ్మకం. నాణ్యత. అనుభవం."

కోడలు రాసుకోలేదు. "ఇవి మన వీధిలో ప్రతి బోర్డు మీదా ఉన్నాయి. మందుల షాపు మీదా ఉన్నాయి, సైకిల్ షాపు మీదా ఉన్నాయి."

"ఉంటే ఏం? వాళ్లు అబద్ధం రాశారు, నేను నిజం రాస్తున్నా."

వంటింటి గుమ్మంలో నిలబడి టీ తాగుతున్న భార్య నవ్వింది. ఆమె చేతిలో ఎప్పటిలాగే స్టీలు గ్లాసు. కప్పుల వ్యాపారి ఇంట్లో కప్పులో తాగని మనిషి ఆమె ఒక్కతే. ఎవరైనా అడిగితే "చేతికి అలవాటైపోయింది" అనేది. కప్పులాయన ఎప్పుడూ అడగలేదు.

"బ్రాండు అంటే రంగులూ బొమ్మలూ కాదు మామయ్యా," అంది కోడలు. "కార్డు మీద ఒక మనిషి, బోర్డు మీద ఒక మనిషి, ఫోనులో మాట్లాడేటప్పుడు ఇంకో మనిషి ఉండకూడదు. ఎక్కడ చూసినా ఒక్క మనిషే కనపడాలి. రంగు, అక్షరాలు, మాట అన్నీ ఆ మనిషివే కావాలి. అందుకే ముందు ఆ మనిషిని వెతకాలి. మీ పాత కొనుగోలుదారుల నంబర్లు ఇవ్వండి, వాళ్లతో మాట్లాడతాను."

అక్కడే కప్పులాయనకి మొదటి ముల్లు గుచ్చుకుంది. తన గురించి తనని అడగకుండా ఊళ్లోవాళ్లని అడగడమేమిటి? అయినా పాత చిట్టా తీసి ఇచ్చాడు. పదకొండు పేర్లు శుభ్రంగా ఉన్నాయి. పన్నెండోది, ఆసుపత్రి క్యాంటీనావిడ పేరు, నల్ల సిరాతో అడ్డంగా కొట్టేసి ఉంది.

"ఈవిడ?"

"ఆవిడ వద్దు. ఎప్పుడో మానేసింది. మనిషి మంచిది కాదు."

కోడలు తల ఊపింది. వంటింట్లో గిన్నె ఏదో కాస్త గట్టిగా చప్పుడైంది.

వారం గడిచింది. ముప్పై ఏళ్లు గల్లా దగ్గర కూర్చున్నవాడికి మనిషి సంచి పట్టుకున్న తీరు చూస్తే లోపల ఏముందో తెలిసిపోతుంది. ఇంట్లో ఏదో జరుగుతోందని కప్పులాయనకి అలాగే తెలిసింది. ఆయన ముందు గదిలోకి వస్తే కోడలి తెర మీద పేజీ మారిపోయేది. అత్తాకోడళ్లు తలుపు దగ్గరగా వేసుకుని గంటలు గంటలు కూర్చునేవారు. అత్తాకోడళ్లు పోట్లాడుకుంటే ఇంటికి చెరుపు, మరీ కలిసిపోతే మగాళ్లకి చెరుపు అని ఆయన తండ్రి అనేవాడు. ఆ మాట ఇప్పుడు మళ్లీ గుర్తొచ్చింది.

ఒక పొద్దున టీ అందుకుంటూ చూశాడు. భార్య బొటనవేలి గోటి కింద నీలం రంగు.

"ఏమిటే అది?"

ఆమె వేలు మడిచేసింది. "పాత డబ్బా ఏదో సర్దుతుంటే అంటుకుంది."

ఆ నీలం ఆయనకి తెలియనిది కాదు. దుకాణం వెనక గదిలో భార్య పీట వేసుకుని కూర్చుని, దిగిన ప్రతి కప్పునీ వేలితో కొట్టి వినేది. కంగుమంటే మంచిది. బొంగురుగా వస్తే కంటికి కనపడని పగులు ఉన్నట్టు. అలాంటిదాని అడుగున అగ్గిపుల్ల చివరతో ఒక నీలం చుక్క పెట్టి కింది అరలో సర్దేది. చుక్క ఉన్నవి తక్కువ ధరకి, లోపం చెప్పి మరీ అమ్మేవాళ్లు. పెన్నులు పెట్టుకోవడానికో, మొక్కలు వేసుకోవడానికో కొనుక్కునేవారు. దుకాణం మూశాక ఆ రంగు డబ్బా మళ్లీ తీయాల్సిన పనేమిటి?

ఇంకో రోజు మధ్యాహ్నం నిద్రలేచి వస్తూ కోడలు ఫోనులో మాట్లాడటం విన్నాడు.

"అవునండీ, సైటు మీద పేరు ఆయనదే ఉంటుంది. కానీ అసలు మనిషి ఆవిడే. ఆ సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు."

కప్పులాయన తలుపు పక్కనే ఆగిపోయాడు. కాళ్లు నొప్పి పుట్టేదాకా అక్కడే నిలబడ్డాడు. పేరు నాది, మనిషి ఆవిడ! అంటే వ్యాపారం పేరుకే నాది. రేపు ఫోను మోగితే ఎత్తేది వాళ్లు, బేరం కుదిర్చేది వాళ్లు. నన్ను బోర్డులా గోడకి తగిలిస్తారన్నమాట.

కొడుకుని పక్కకి పిలిచాడు. "మీ ఆవిడ ఏం చేస్తోందిరా?"

"నీ సైటు చేస్తోంది నాన్నా."

"నాకోసమా, మీ అమ్మకోసమా?"

"ఇద్దరూ ఒకే ఇంట్లోవాళ్లేగా! నీకు సరుకు లేక మనుషుల్ని కొట్టి చూస్తున్నట్టున్నావు, పగులుందా లేదా అని," అని నవ్వేసి కొడుకు వెళ్లిపోయాడు.

కప్పులాయనకి నవ్వు రాలేదు. సైటు ఎప్పుడు పెడతావని కోడలిని మూడుసార్లు అడిగాడు. మొదటిసారి "ఫొటోలు బాగా రాలేదు" అంది. రెండోసారి "అక్షరాలు కుదరలేదు" అంది. మూడోసారి ఆయన మొహంలోకి ఒక క్షణం తేరిపార చూసి, "ఒక సంగతి తేలాలి మామయ్యా. తేలగానే పెట్టేస్తాను" అంది. ఆ చూపు ఆయనకి బాగా తెలుసు. సంచిలోకి కప్పులు సర్దుతుంటే అడుగు తిప్పి చూసే కొనుగోలుదారు చూపు అది. అంటే తను వాళ్లని అనుమానిస్తుంటే, ఈ పిల్ల తననే అనుమానిస్తోంది.

ఆదివారం పొద్దున నలుగురూ బల్ల దగ్గర కూర్చున్నారు. కొడుకు ఫోను చూసుకుంటూ ఉత్సాహం ఆపుకోలేక, "నాన్నా, మొదటి పేజీ చూశావా? నాకు రాత్రే పంపింది. మాటలు ఇంకా రాయలేదు గానీ భలే ఉంది" అని ఫోను ఇటు తిప్పాడు.

"ఇప్పుడే చూపించకండి," అని కోడలు చెయ్యి చాపేలోపే కప్పులాయన ఫోను అందుకున్నాడు.

తెల్లటి పేజీ. మధ్యలో తన ఫొటో. దుకాణం గుమ్మంలో నిలబడ్డ పాత ఫొటో. అందులో సరిగ్గా తలకి పైన ఒక నీలం చుక్క. గుండ్రంగా కూడా లేదు. అగ్గిపుల్లతో ఒత్తినట్టు ఒక పక్కకి కాస్త సాగి ఉంది. వేలితో పేజీ కిందకి జరిపాడు. విజిటింగ్ కార్డు బొమ్మ, దాని మీదా చుక్క. గుమ్మానికి తగిలించే బోర్డు బొమ్మ, దాని మీదా చుక్క.

"ఎవరు పెట్టారిది?" అన్నాడు కప్పులాయన.

"డిజైను నాన్నా అది. ఎక్కడ చూసినా అదే గుర్తు ఉండాలని..."

"నాకు చెప్పకురా డిజైను! ఈ చుక్క దేనికి పెడతారో తెలియని ఇంట్లో పుట్టావా నువ్వు? పగిలినదాని అడుగున పెడతారు. తీసుకొచ్చి నా నెత్తిన పెట్టారు." ఫోను బల్ల మీదకి తోశాడు. "మోకాళ్లు పోయాయి, దుకాణం పోయింది, ఇక వీణ్ణి కింది అరలో సర్దేయండి అని అత్తాకోడళ్లు తీర్మానించారా? గోళ్లకి రంగు పూసుకుని, తలుపులేసుకుని చేసిన ఘనకార్యం ఇదా?"

"మామయ్యా, కాస్త నా మాట..."

"నువ్వు ఆగమ్మా. పదకొండు మంది నంబర్లిస్తే నువ్వు ఎవరెవరితో మాట్లాడావో నాకు తెలీదనుకోకు. ఆ క్యాంటీనావిడ దగ్గరకి వెళ్లావు. వెళ్లావా లేదా?"

"వెళ్లాను."

"వెళ్తావు! చెప్పే ఉంటుంది. ఆ ముప్పై ఎనిమిది కప్పుల సంగతి పూసగుచ్చినట్టు చెప్పే ఉంటుంది. విని, అది మనసులో పెట్టుకుని, ఇదిగో ఇలా చుక్క పెట్టి నన్ను వెక్కిరిస్తున్నారు!"

కోడలు మెల్లగా అడిగింది.

"ఏ ముప్పై ఎనిమిది కప్పులు, మామయ్యా?"

కోడలి మొహంలో నటన లేదు. కొడుకు మొహంలో అయోమయం తప్ప ఏమీ లేదు. ఆయన భార్య వైపు తిరిగాడు.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది," అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఆ పిల్లకి లెక్క తెలీదు. ఆ క్యాంటీనావిడకీ తెలీదు. ముప్పై ఎనిమిది అన్న లెక్క ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. మీకూ, నాకూ."

"నీకెలా..."

"మా అమ్మకి బాగాలేక రెండు రోజులు వెళ్లొచ్చాను. వెళ్లేటప్పుడు కింది అరలో చుక్క పెట్టిన కప్పులు ముప్పై ఎనిమిది. వచ్చేసరికి అర ఖాళీ. పీట కింద కిరసనాయిలు కంపు కొట్టే గుడ్డ, గుడ్డ నిండా నీలం. ఇంక నాకు ఒకరు చెప్పాలా?"

ఇరవై రెండేళ్ల కిందటి మధ్యాహ్నం కప్పులాయన కళ్లముందుకి వచ్చింది. క్యాంటీనుకి రెండు వందల కప్పులు సాయంత్రానికి చేరాలి. రావాల్సిన లారీ రాలేదు. లెక్క పెడితే ముప్పై ఎనిమిది తక్కువ. కింది అరలో సరిగ్గా ముప్పై ఎనిమిది. పగులు కంటికి కనపడదు, వారం తర్వాత లారీ రాగానే మార్చేద్దాం అనుకున్నాడు. ఒక్కోదాన్నీ తిప్పి, చుక్క తుడిచి, గడ్డిలో చుట్టి పెట్టాడు. నాలుగో రోజున మరిగే టీ పోయగానే ఒక కప్పు వడ్డించే అమ్మాయి చేతిలోనే రెండుగా విచ్చుకుంది. ఆ సంగతి ఆయన చెవిన పడింది. అయినా వెళ్లలేదు. లారీ వచ్చింది, కప్పులు మాత్రం మార్చలేదు. మార్చడానికి వెళ్తే ఎందుకు మారుస్తున్నాడో చెప్పాల్సి వస్తుంది. క్యాంటీనావిడ మళ్లీ దుకాణానికి రాలేదు. ఆమె పేరు చిట్టాలో కొట్టేసి, మనిషి మంచిది కాదని తనకి తనే చెప్పుకున్నాడు.

"అప్పటినుంచి," అన్నాడు మెల్లగా, భార్య చేతిలోని స్టీలు గ్లాసు చూస్తూ.

"అప్పటినుంచే," అంది ఆమె. "నేను మంచిదని చెప్పిన కప్పుకి చుక్క ఉండదు. మీరు తుడిచిన పగులు కప్పుకీ చుక్క ఉండదు. ఆ తర్వాత ఏది ఏదో నాకు నమ్మకం కుదరలేదు. పని మానలేదు, చుక్కలు పెట్టడమూ మానలేదు. తాగడం ఒక్కటే మానేశాను."

కోడలు లేచి తన బల్ల సొరుగులోంచి వార్తాపత్రికలో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"చిట్టాలో ఉన్న పదకొండు మందినీ అడిగాను, కప్పులాయన దుకాణం అంటే ఏం గుర్తొస్తుందని. ఎవరూ నమ్మకం, నాణ్యత అనలేదు మామయ్యా. 'నీలం చుక్క' అన్నారు. లోపం ముందే చెప్పే దుకాణం ఇంకోటి చూడలేదన్నారు. వెనక గదిలో చుక్కలు పెట్టే ఆవిడ ఎలా ఉన్నారని అడిగారు. ఆ చుక్క తప్ప మీ సైటుకి ఇంకో గుర్తు అక్కర్లేదనిపించింది. అందుకే అత్తయ్య చేత వంద చుక్కలు పెట్టించి అందులో ఒకటి ఏరాను. పూర్తయ్యాక చూపించి మిమ్మల్ని ఆశ్చర్యపరుద్దాం అనుకున్నా."

"మరి ఇది?"

"కొనడం మానేసిన మనిషిని అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది, మా పనిలో అది అలవాటు. క్యాంటీనావిడ ఒక్క మాట కూడా చెడ్డగా చెప్పలేదు. లోపలికి వెళ్లి ఇది తెచ్చింది. 'మీ మామయ్యకివ్వు, ఆయనకే తెలుస్తుంది' అంది. అత్తయ్యని అడిగితే 'నన్నడక్కు, ఆయన్నే అడుగు' అన్నారు. పది రోజులుగా ఎలా అడగాలో తెలీక సైటు ఆపాను."

కప్పులాయన పొట్లం విప్పాడు. పిడి ఉన్న సగం కప్పు. పగులు అంచు పసుపు తిరిగి ఉంది. తిరగేశాడు. అడుగున నున్నటి మెరుగు పూత మీద ఏమీ లేదు, ఆ రోజు తను శుభ్రంగా తుడిచాడు. కానీ కప్పు నిలబడే ఆ గరుకు అంచుకి మెరుగు ఉండదు. అక్కడ పడ్డ రంగు లోపలికి ఇంకిపోతుంది. ఆ అంచులో ఒక మూల, గోరంత మేర, లేత నీలం.

ముప్పై ఏళ్ల వ్యాపారికి ఈ సంగతి తెలియకపోవడం ఏమిటి! తొందరలో మరిచిపోయాడు. క్యాంటీనావిడ మాత్రం చూసింది. చూసి, ఈ సగం కప్పు పట్టుకుని వీధిలో నిలబడి అరిచి ఉంటే దుకాణం ఆ నెలలోనే మూతపడేది. అరవలేదు. ఎవరూ వేలెత్తి చూపని పేరు అని ఆయన ఇన్నాళ్లూ తన సొమ్ముగా లెక్క వేసుకున్నది ఇద్దరు ఆడవాళ్ల మౌనం. ఒకరు గల్లాకి అవతల, ఒకరు ఇవతల.

"మామయ్యా," అంది కోడలు. "ఎక్కడ చూసినా ఒక్క మనిషే కనపడాలని చెప్పాను కదా. ఈ చుక్క పైన పెట్టి, కింద ఇది దాచలేను. మీకు ఇష్టం లేకపోతే చుక్క తీసేస్తా. ఆకుపచ్చ రంగు వేసి, నమ్మకం, నాణ్యత, అనుభవం అని రాసేస్తా. ఐదు నిమిషాల పని. ఎవరూ ఏమీ అడగరు. మీ ఇష్టం."

మంచి బేరమే. ఖర్చు లేదు, నష్టం లేదు, ఇంట్లోంచి మాట బయటకి పోదు. కప్పులాయన జీవితంలో ఇలాంటి బేరం దొరికితే ఎప్పుడూ వదల్లేదు. కప్పు ముక్కని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత దాన్ని మళ్లీ కాగితంలో చుట్టి లేచాడు.

"నా చెప్పులెక్కడున్నాయి?"

"ఎక్కడికి?" అన్నాడు కొడుకు.

భార్య వైపు చూశాడు. "నువ్వూ వస్తావా?"

"ఇరవై రెండేళ్లు ఆలస్యంగా అడిగారు," అంది ఆమె. కొంగుతో కళ్లు తుడుచుకుని గ్లాసు కింద పెట్టింది. "ఉండండి, వస్తున్నా."

ఆసుపత్రి క్యాంటీనుకి ఆదివారం సెలవుండదు. గల్లా దగ్గర కూర్చున్న ఆవిడ జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. కప్పులాయన పొట్లం విప్పి ఆమె ముందు పెట్టాడు.

"ఇలాంటివి ముప్పై ఎనిమిది, అమ్మా. పగిలినవని తెలిసే ఇచ్చాను. చుక్క తుడిచి ఇచ్చాను. నా చేత్తోనే."

ఆవిడ ముక్కని తిరగేసి అడుగు చూసింది. "రెండేళ్లు ఎదురుచూశాను, మీరే వచ్చి చెప్తారని. దుకాణాలు చాలా ఉన్నాయి, చుక్క పెట్టే దుకాణం ఒక్కటే కదా, అందుకని. తర్వాత ఎదురుచూడటం మానేశా." వంటగది వైపు తిరిగి పిలిచింది. "ఇదిగో, ఇలా రా ఒకసారి."

నడివయసు మనిషి ఒకామె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అప్పుడు టీ వడ్డించిన అమ్మాయే ఇప్పుడు ఆ వంటగదికి పెద్ద. సంగతి విని చెయ్యి బల్ల మీద పెట్టింది. మణికట్టు మీద చర్మం మూడు చోట్ల మెరుస్తూ ముడత పడి ఉంది.

"ఇది మీదండీ," అంది ఒక మచ్చ చూపించి. "పక్కది పెనానిది. పైది నూనెది. వాటికేం తెలుసు పాపం, అవి పెనమూ నూనే." ఆయన వైపు చూసింది. "మీకు తెలుసుగా."

కప్పులాయన తల వంచుకున్నాడు. పెద్ద మాటలేవో అనుకుంటూ వచ్చాడు. "తెలుసమ్మా," అన్నాడు. కళ్లద్దాల కిందనుంచి నీళ్లు బల్ల మీద పడ్డాయి.

ఆమె బల్ల మీద పడ్డ తడిని గుడ్డతో తుడిచింది, అలవాటుగా. "ఇంత దూరం నడిచొచ్చారు, కూర్చోండి," అని లోపలికి వెళ్లిపోయింది.

క్షమించినట్టో కాదో ఆయనకి తెలియలేదు. అడిగే ధైర్యం రాలేదు.

క్యాంటీనావిడ మాత్రం వ్యాపారస్తురాలు. పక్కనున్న పెట్టెలోంచి రెండు కొత్త కప్పులు తీసి ఆయన ముందుకి జరిపింది. "నిన్న దిగిన సరుకు. చెప్పండి చూద్దాం."

ఆయన వేలితో కొట్టాడు. ఒకటి, రెండు. "రెండూ మంచివే."

భార్య చెయ్యి చాపింది. కళ్లు మూసుకుని కొట్టింది. రెండోదాన్ని మళ్లీ కొట్టింది. "పిడి దగ్గర వెంట్రుకంత ఉంది. వేడి పోస్తే నెల తిరక్కుండా విచ్చుకుంటుంది."

క్యాంటీనావిడ మొదటిసారి నవ్వింది. "రేపు పొద్దున రండి. ఎనిమిది వందలు దిగాయి, అన్నీ చూడాలి. ఆవిడని తీసుకునే రండి. మీరొక్కరే వస్తే గేటు దగ్గరే ఆపేస్తాను, ముందే చెప్తున్నా."

ఇంటికి వచ్చాక కప్పులాయన కోడలి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని మొదటి పేజీకి మాటలు చెప్పాడు. ఆమె టైపు చేసింది.

"లోపం ముందే చెప్తాను. ఒకసారి చెప్పలేదు. ముప్పై ఎనిమిది కప్పులకి చుక్క తుడిచి అమ్మాను. ఒక మనిషి చెయ్యి కాలింది. మీకు అలా జరగకుండా చూడటమే ఇప్పుడు నా పని."

"ఎవరైనా తమ గురించి ఇలా రాసుకుంటారా నాన్నా?" అన్నాడు కొడుకు. "బేరం వస్తుందా?"

"వచ్చింది కదరా. ఎనిమిది వందల కప్పులు." కోడలి వైపు తిరిగాడు. "అమ్మాయ్, 'చెప్తాను'ని 'చెప్తాం' చెయ్యి, 'నా పని'ని 'మా పని' చెయ్యి. ఆ 'అమ్మాను' మాత్రం అలాగే ఉంచు. అది నేనొక్కణ్ణే చేశాను."

కోడలు అలాగే మార్చింది. ముక్కు ఎగబీల్చి, "ఫొటో కూడా మార్చాలి. ఇద్దరూ ఉన్నది కావాలి. అత్తయ్యా, ఇలా రండి" అంది.

"నా మొహానికి ఫొటో ఒకటా!" అంటూనే ఆమె జుట్టు సవరించుకుంది.

సోమవారం పొద్దున సైటు తెరుచుకుంది. సైటు మీద, కార్డు మీద, గుమ్మం పక్కన బోర్డు మీద ఒకటే చుక్క, ఒక పక్కకి కాస్త సాగి. క్యాంటీనుకి బయల్దేరే ముందు భార్య అలమారలోంచి రెండు కప్పులు తీసింది. ఒక్కోదాన్నీ వేలితో కొట్టింది. కంగుమన్నాయి. రెండింటిలోనూ టీ పోసి, ఒకటి ఆయనకిచ్చి, ఒకటి తను పట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఆయన ఆమె తాగేదాకా తాగలేదు.

చివరికి తేలిన లెక్క ఇది. పాత తాళంచెవి కోడలి బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుగా ఉంది. నంబర్లు పన్నెండు, ఏదీ కొట్టేసి లేదు. చెవి ఆయనది కాదని తేలింది, కానీ ఇంట్లోనే ఉంది. పేరు మునుపటంత పెద్దది కాదు, దాని మీద చుక్క పడింది. అయితే ఆ చుక్క అందరికీ కనపడేలా పైనే ఉంది. స్టీలు గ్లాసు ఒకటి, ఇరవై రెండేళ్ల తర్వాత, గట్టు మీద బోర్లించి ఉంది.